చిన్నపిల్లలకు పరిమాణం, కొలతలు నేర్పడానికి ఏ సామగ్రి ఎంచుకోవాలి?

మూడేళ్ళు మొదలుకొని ఎనిమిదేళ్ళ వరకు ఉన్న పిల్లలకు పొడవు, పొట్టి, బరువు, తేలిక వంటి భావనలనూ, వాటి వెంట కొలతలనూ నేర్పడానికి ఈనాడు సామగ్రికి కొదవ లేదు. బొమ్మల వర్క్‌షీట్లు, ఫోనులో ఆడే ఆటలు, మాంటిస్సోరి చెక్క సామగ్రి, రంగుల కడ్డీలు, ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ ఘనాలు బజారులో దొరుకుతున్నాయి. స్కేలు, టేపు, వరుస గిన్నెలు చాలా ఇళ్ళలో ముందే ఉంటాయి. వీటిలో ఏది ఏ వయసుకు పనికివస్తుందో, దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనిని పక్కన పెట్టవచ్చో తేల్చుకోవలసిన తల్లిదండ్రులకూ, అంగన్‌వాడీ టీచర్లకూ, ఒకటి రెండు తరగతుల ఉపాధ్యాయులకూ ఈ పోలిక ఉపయోగపడాలని నా ఉద్దేశం.

కొలవడం ఒక్కసారిగా వచ్చే నేర్పు కాదు. మొదట పిల్లలు రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి ఏది పొడవో చెబుతారు. తరువాత మూడు నాలుగు వస్తువులను వరుసలో అమర్చగలుగుతారు. ఇది వినడానికి సులువే గాని, మధ్యలో ఉన్న పుల్ల ఒకదానికంటె పొడవు, మరొకదానికంటె పొట్టి అన్న రెండు సంగతులనూ ఒకేసారి మనసులో పెట్టుకోవలసి ఉంటుంది కాబట్టి నాలుగేళ్ళ పిల్లలు చాలామంది అక్కడ తడబడతారు. ఆపైన, పక్కపక్కన చేర్చడానికి వీలులేని రెండింటిని, ఉదాహరణకు తలుపు వెడల్పునూ మంచం వెడల్పునూ, ఒక తాడు సాయంతో పోల్చడం వస్తుంది. ఒక చిన్న ముక్కను ప్రమాణంగా తీసుకొని, మధ్యలో సందు రాకుండా, ఒకదానిమీద ఒకటి పడకుండా, అది ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టడం అన్నిటికంటె చివర వస్తుంది. సెంటీమీటరు, కిలోగ్రాము, లీటరు అన్నీ ఈ చివరి మెట్టుకు చెందినవే. ఏ సామగ్రి అయినా ఈ మెట్లలో ఒకటి రెండింటికే సరిపోతుంది గనుక, పెట్టె మీద రాసిన వయసును బట్టి కాక మీ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి ఎంచుకోవాలి.

ఆ తరువాత చూడవలసిన గుణం ఒక్కటే. పిల్లవాడు పొరపాటు చేసినప్పుడు, పెద్దవారు నోరు విప్పకుండానే ఆ వస్తువు ఆ పొరపాటును చూపిస్తుందా? చూపిస్తే అతను తనంతట తానే సరిచేసుకొని మళ్ళీ ప్రయత్నిస్తాడు. చూపించకపోతే పెద్దవారి ముఖం చూసి జవాబు మార్చుకోవడం అలవాటు చేసుకుంటాడు. కొలత విషయంలో ఈ రెండో అలవాటు చాలా హాని చేస్తుంది, ఎందుకంటే కొలత అంటేనే ఎవరి మాటా నమ్మకుండా స్వయంగా సరిచూసుకోగలగడం.

వర్క్‌షీట్లు, ఫోను ఆటలు

ఈ పరీక్షలో ముందుగా తేలిపోయేవి వర్క్‌షీట్లు. ఏనుగు బొమ్మనూ చీమ బొమ్మనూ పక్కపక్కన వేసి "పెద్దదానికి సున్నా చుట్టండి" అని అడిగిన కాగితంలో పిల్లవాడు పోల్చేది ఏమీ లేదు. ఏనుగు పెద్దదని అతనికి ముందే తెలుసు. కాగితం మీద రెండు బొమ్మలూ ఒకే కొలతలో అచ్చయితే, కళ్ళకు కనబడేదాన్ని నమ్మాలో తెలిసినదాన్ని నమ్మాలో కూడా అర్థం కాదు. పైగా "పెద్దది" అన్న మాట ఏ కొలతను అడుగుతున్నదో చెప్పదు. సన్నగా పొడుగ్గా ఉన్న సీసా పెద్దదా, పొట్టిగా లావుగా ఉన్న కూజా పెద్దదా అంటే రెండు జవాబులూ సరైనవే. అందువల్ల ఏ సామగ్రి వాడినా ఏది పొడవు, ఏది వెడల్పు, ఏది బరువు, దేనిలో ఎక్కువ పడుతుంది అని విడివిడిగా అడగడం మేలు. చేతులతో పని చేశాక, తాము కనుక్కున్నదాన్ని గీసి చూపించడానికి మాత్రం కాగితం బాగా పనికివస్తుంది.

ఫోను ఆటల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెర మీది బంతికి బరువు ఉండదు, తెర మారితే గీత పొడవు మారిపోతుంది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు కదలకుండా కూర్చొని తెర చూసే సమయం రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ గంటను కొలతల కోసం ఖర్చు చేయవలసిన అవసరం కనిపించదు.

పోల్చడానికి, వరుసలో పెట్టడానికి

ఈ మెట్టుకు మాంటిస్సోరి సామగ్రి ప్రసిద్ధమైనది. 1939లో మద్రాసుకు వచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన కాలం నుంచి మన దేశంలో ఈ సామగ్రికి గట్టి పునాది ఉంది. ఇందులో గులాబీ రంగు గోపురం అంటే ఒక సెంటీమీటరు భుజం నుంచి పది సెంటీమీటర్ల భుజం వరకు ఉన్న పది ఘనాలు. రంగు ఒక్కటే, ఆకారం ఒక్కటే, మారేది పరిమాణం మాత్రమే. ఈ ఒక్క గుణాన్నే విడదీసి చూపించడంలో దీనికి సాటి అరుదు. అన్నిటికంటె పెద్ద ఘనం ఘనపరిమాణం చిన్నదానికి వెయ్యి రెట్లు కాబట్టి, చిన్నది రెండు వేళ్ళకు అందుతుంది, పెద్దది రెండు చేతులూ అడుగుతుంది. అయినా ఒక లోపం చెప్పాలి. నాలుగో ఘనాన్నీ ఐదో ఘనాన్నీ తారుమారు చేసి పేర్చినా గోపురం నిలబడుతుంది. తప్పును పట్టుకోవలసింది కన్ను మాత్రమే, ఆ కన్ను ఇంకా తయారవుతున్న వయసులో చాలామంది గమనించకుండానే సంతోషంగా ముగించేస్తారు.

వంటింట్లో ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు, మూతలున్న డబ్బాల వరుస ఈ పనిని ఇంకా గట్టిగా చేస్తాయి. పెద్ద గిన్నె చిన్నదానిలో దిగదు, చిన్న మూత పెద్ద డబ్బాకు పట్టదు; వాదించడానికి అవకాశమే లేదు. మాంటిస్సోరి సామగ్రిలోనే గుంతల్లో దించే పిడి స్తూపాలకు ఈ గుణం ఉంది, కానీ వాటి ధర ఎక్కువ, ఇంట్లో వాటి అవసరం కొద్ది నెలలే ఉంటుంది. మూడు నాలుగేళ్ళ బిడ్డ ఉన్న ఇంట్లో గోపురం కొనాలా అని అడిగితే, ఐదారు గిన్నెలూ ఆరేడు డబ్బాలూ వాటి మూతలూ ఇచ్చి చూడమంటాను. పిల్లలు ఎక్కువగా ఉండి, ప్రతి ఏడాదీ కొత్తవారు చేరే బడికి గోపురం కొనడం సబబే. మూడేళ్ళ లోపు పిల్లలు తిరిగే చోట ఆ ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసి దాచాలి, అది గొంతుకు అడ్డుపడేంత చిన్నది.

కొనిపెట్టాలన్న కోరిక ఉన్నవారికి ఏటికొప్పాక లక్క బొమ్మల్లో కడ్డీకి వలయాలు పేర్చే బొమ్మ మంచి ఎంపిక. అంకుడు కర్రతో, లక్క పూతతో అనకాపల్లి జిల్లాలో తయారయ్యే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇందులో వలయాలకు వేర్వేరు రంగులు ఉంటాయి గనుక పిల్లలు పరిమాణాన్ని చూడక రంగుల వరుసను గుర్తుపెట్టుకొని పేర్చవచ్చు. ఒకే రంగు వలయాలు అడిగి చేయించుకోగలిగితే ఆ బెడద ఉండదు.

మొదటి ప్రమాణం ఏది?

నా దృష్టిలో అన్నిటికంటె జాగ్రత్తగా ఎంచుకోవలసింది ఇక్కడే, ఎక్కువమంది తొందరపడి దాటేసేదీ ఇదే. ఎదురుగా మూడు దారులు ఉన్నాయి: శరీరంతో కొలవడం, ఒకేలాంటి వస్తువులను పరచి కొలవడం, నేరుగా స్కేలు ఇవ్వడం.

శరీరపు కొలతలు మన పిల్లలకు కొత్తవి కావు. పూలు ఇప్పటికీ మూర లెక్కన కొంటున్నాం. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు, మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అన్న వరుసలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇందులో ఏ మెట్టులోనూ నాలుగుకు మించిన అంకె రాదు కాబట్టి ఐదేళ్ళ బిడ్డ తన చేతులతోనే దీన్ని సరిచూసుకోగలదు. రెండు చేతులూ చాచినప్పటి బార, తన ఎత్తుకు దాదాపు సమానమని గోడకు ఆనుకొని తాడుతో కనుక్కున్న పిల్లల ఆనందం చూడదగినది. అమ్మ జానతో ఐదు వచ్చిన బల్ల తన జానతో ఎనిమిది వచ్చిందంటే ఎందుకో ఆలోచించవలసిన అవసరం తనంతట అదే పుడుతుంది. అందరికీ ఒకే ప్రమాణం ఎందుకు కావాలో ఉపన్యాసం లేకుండా తెలుస్తుంది.

అయితే శరీరపు కొలత తప్పును చూపించదు. జాన వేసి చేయి ఎత్తగానే ఎక్కడ ఆగిందో గుర్తు పోతుంది, తరువాతి జాన కాస్త వెనకో ముందో పడుతుంది, అలసిన వేళ్ళు ముడుచుకుంటాయి. రెండోసారి వేరే అంకె వస్తే పిల్లవాడు దాన్ని తప్పుగా భావించడు, కొలత అంటే అలాగే ఉంటుందనుకుంటాడు. అందుచేత దీన్ని ఆసక్తి పుట్టించడానికి వాడి, లెక్కపెట్టే సాధనకు మరొకటి తీసుకోవడం మంచిది.

ఆ మరొకటి ఒకే కొలత గల ముక్కల గుంపు కావాలి. అగ్గిపుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, ఒకే కంపెనీ అగ్గిపెట్టెలు, ఏవైనా సరే. పిల్లవాడి పాదం అచ్చును అట్టమీద గీసి పది నకళ్ళు కత్తిరిస్తే అది అతని సొంత ప్రమాణం అవుతుంది. మంచం పొడవునా ఆ పాదాలు పరిస్తే సందులు కళ్ళకు కనబడతాయి, ఒకదానిపై ఒకటి ఎక్కినవీ కనబడతాయి, సరిచేసుకోవచ్చు. ముందు కావలసినన్ని నకళ్ళు ఇవ్వాలి. అది స్థిరపడ్డాక ఒక్క నకలే ఇచ్చి, గీత గీసుకుంటూ జరుపుతూ కొలవమనాలి. ఈ రెండు పనుల మధ్య దూరం పెద్దలు అనుకునేదానికంటె చాలా ఎక్కువ. మొదటిది చక్కగా చేసే పిల్లలు రెండోదానిలో నెలల తరబడి తికమకపడటం మామూలే. గింజలు, గులకరాళ్ళు, వేర్వేరు కొలతల దిమ్మెలు మాత్రం ఈ దశలో వద్దు. ముక్కలు ఒకేలా లేకపోతే వచ్చిన అంకెకు అర్థమే ఉండదు.

జాన, పుల్ల వంటి అప్రామాణిక ప్రమాణాలు పూర్తయ్యాకే స్కేలు చూపాలన్నది చాలాకాలంగా పాఠ్యక్రమాలు పాటిస్తున్న వరుస. అమెరికాలో డగ్లస్ క్లెమెంట్స్ వంటి గణిత విద్యా పరిశోధకులు ఈ కట్టుబాటును ప్రశ్నించారు. పిల్లలు స్కేలును ఇష్టపడతారనీ, దానిని ముక్కలతో పాటే పరిచయం చేస్తే నష్టం లేదనీ వాదించారు. వారి మాటలో నిజముంది. ఇంట్లో దర్జీ టేపు కనబడితే లాగి చూడని పిల్లలు ఉండరు, దాన్ని దాచిపెట్టి ప్రయోజనం లేదు. నా సలహా ఏమిటంటే ఆటకు స్కేలు ఇవ్వండి, కానీ దాని మీది అంకెను చదివించి జవాబుగా ఒప్పుకోకండి. పక్కనే ముక్కలు పరిపించి, ఎన్ని ముక్కలో లెక్కపెట్టిన తరువాతే ఆ అంకె దేనిని చెబుతున్నదో అడగండి.

కొనే కడ్డీలు, ఘనాలు, దిమ్మెలు

బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజెనేర్ రూపొందించిన రంగుల కడ్డీలు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. తెలుపు ఒకటి, ఎరుపు రెండు, పసుపు ఐదు, నారింజ పది. రెండు పసుపు కడ్డీలు కలిపితే ఒక నారింజ కడ్డీకి అంచు నుంచి అంచుకు సరిపోతాయి, పసుపు పక్కన ఎరుపు పెడితే మూడు తెల్లవి పట్టే ఖాళీ మిగులుతుంది. కూడిక, తీసివేత, కొలత మూడూ ఒకే బల్లమీద కలుస్తాయి కాబట్టి ఆరేడేళ్ళ పిల్లలకు ఇవి సాటిలేనివి. నాలుగేళ్ళ పిల్లల చేతికి మాత్రం సన్నగా, జారిపోయేలా ఉంటాయి.

తగిలించే ఘనాలు చిన్న చేతులకు అనువైనవి. ఒకదానికొకటి పట్టుకుంటాయి గనుక మధ్యలో సందు రాదు. విచిత్రంగా అదే వాటి బలహీనత కూడా: సందు రాకుండా చూసుకునే పని ఘనమే చేసేస్తుంది, పిల్లవాడు నేర్చుకోడు. అందువల్ల వీటితో మొదలుపెట్టి, తరువాత తగిలించని ముక్కలకు రావాలి. కొనేటప్పుడు ఒక సెంటీమీటరు భుజమూ ఒక గ్రాము బరువూ ఉండే రకం దొరికితే అదే తీసుకోండి, పొడవుకూ తూకానికీ రెండింటికీ పనికివస్తుంది.

మాంటిస్సోరి కడ్డీల్లో రెండు రకాలున్నాయి. పది సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు పూర్తి ఎరుపు కడ్డీలు పది; అవే కొలతల్లో పది సెంటీమీటర్లకొకసారి ఎరుపు, నీలం రంగులు మారే సంఖ్యా కడ్డీలు పది. మొదటివి పోల్చడానికి మాత్రమే, రెండోవాటిలో ముక్కలు లెక్కపెట్టవచ్చు. రెండూ కొనలేని బడి రెండో రకం కొంటే మొదటి దాని పని కూడా చాలావరకు జరుగుతుంది. వడ్రంగి చేత చేయించుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది, కొలత మాత్రం మిల్లీమీటరు తేడా రాకుండా చూసుకోవాలి.

ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే ఏది అని అడిగేవారికి నా జవాబు ఇవేవీ కావు. రంగు లేని సాదా చెక్క దిమ్మెలు కొనమంటాను, మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉండేవి. న్యూయార్క్ ఉపాధ్యాయిని కారొలీన్ ప్రాట్ రూపొందించిన దిమ్మెలది ఈ నిష్పత్తే. రెండు సగం దిమ్మెలు ఒక పూర్తి దిమ్మెకు సమానం, రెండు పూర్తి దిమ్మెలు ఒక జంట దిమ్మెకు సమానం. గోడ ఒకవైపు పొట్టిదైతే పైకప్పు వాలిపోయి తప్పును తానే చెబుతుంది. మూడేళ్ళ బిడ్డ పేర్చుతుంది, ఏడేళ్ళ బిడ్డ వంతెన కడుతుంది, వస్తువు అదే ఉంటుంది.

స్కేలా, టేపా?

చాలా ప్లాస్టిక్ స్కేళ్ళలో సున్నా గీత అంచు దగ్గర ఉండదు, కొద్దిగా లోపలికి ఉంటుంది. పిల్లలు అంచును వస్తువు అంచుకు చేర్చి కొలుస్తారు, లేదా ఒకటి అంకె దగ్గర మొదలుపెడతారు. దర్జీ టేపులో కొలత అంచు నుంచే మొదలవుతుంది, పైగా నడుము, చెట్టు మాను, కుండ మెడ వంటి గుండ్రటి వాటిని కూడా కొలవవచ్చు. మొదటి సాధనంగా టేపుదే పైచేయి. ఒకవైపు అంగుళాలు, మరోవైపు సెంటీమీటర్లు ఉండటం వల్ల వచ్చే గందరగోళాన్ని తప్పించడానికి అంగుళాల వైపు తెల్ల గుడ్డ పట్టీ అంటించండి. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు బడిలో అంగుళాలే ముందు వస్తాయి, అక్కడ రెండో వైపును మూయాలి.

మన ఇళ్ళలో మనిషి ఎత్తు అడుగుల్లో, స్థలం గజాల్లోనో సెంట్లలోనో, గుడ్డ మీటర్లలో, బంగారం తులాల్లో వినిపిస్తాయి. 1956 చట్టంతో మెట్రిక్ విధానం వచ్చినా మాటల్లో పాతవి పోలేదు. పిల్లల ముందు వాటిని మానేయనక్కరలేదు, బడి మొదలైన కొత్తల్లో కొలిచే పని మాత్రం ఒకే విధానంలో సాగాలి. సెంటీమీటరు చిన్న వేళ్ళకు మరీ చిన్నది గనుక, పది సెంటీమీటర్ల అట్ట పట్టీని మొదటి ప్రమాణంగా తీసుకుంటే పదింటితో మీటరు వస్తుంది, లెక్కా చేతికి అందుతుంది.

పట్టేది, తూగేది

ఒకే గ్లాసు నీళ్ళను సన్నటి పొడుగు సీసాలో పోస్తే ఎక్కువయ్యాయని ఐదేళ్ళ పిల్లలు చెప్పడం సహజం. స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే దీనిని వివరంగా పరిశీలించాడు. పాత్ర మారినా నీళ్ళ పరిమాణం మారదన్న గ్రహింపునే ఉపాధ్యాయ శిక్షణలో పదిలపరచుకొనే భావన అని చదువుతారు. ఆరేడేళ్ళకు అది మెల్లగా కుదురుకుంటుంది, బరువు విషయంలో ఇంకా ఆలస్యమవుతుంది. వాదించి ఒప్పించే ప్రయత్నం దండగ. తిరిగి అదే గ్లాసులోకి పోయించండి చాలు.

ఇందుకు కొలజాడీ కొనాలా, పాత కొలపాత్రలు వాడాలా? పెద్దవాళ్ళ దగ్గర గిద్ద, సోల, తవ్వ, మానిక పాత్రలు మిగిలి ఉంటే అవే వాడండి. ప్రాంతాన్ని బట్టి పాత్ర కొలత మారినా, నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న వరుసను పిల్లలు బియ్యంతో స్వయంగా పోసి నిర్ధారించుకోగలరు. లీటరులో వెయ్యి మిల్లీలీటర్లను ఆ వయసులో ఎవరూ లెక్కపెట్టలేరు. బియ్యాన్ని కుప్పగా పోస్తే ఒక జవాబు, అంచుకు చదును చేస్తే మరొకటి వస్తుందన్నది కూడా తప్పక చూపించాలి. గీతలున్న జాడీ రెండో తరగతిలో, అరలీటరు పాల ప్యాకెట్టు పక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది.

బరువుకు డిజిటల్ త్రాసు వద్దు. అది అంకెను చెబుతుంది గాని పోలికను చూపించదు. రెండు పళ్ళేల త్రాసు ఉండాలి, లేకపోతే బట్టల హ్యాంగరుకు రెండు సమానమైన బుట్టలు కట్టండి. పెద్ద థర్మోకోల్ ముక్కకంటె చిన్న ఇనుప తాళం బరువైనదని పళ్ళెం వంగి చెప్పాక, పెద్దదల్లా బరువైనది కాదన్న సంగతి నిలిచిపోతుంది.

ఎవరికి ఏది

ముప్పై మంది పిల్లలున్న అంగన్‌వాడీలో వస్తువులు పోతాయి, విరుగుతాయి. అక్కడ అగ్గిపెట్టెలు, అట్ట పాదాలు, హ్యాంగరు త్రాసు, ఇసుక, ఐదారు డబ్బాలు మేలైన ఎంపిక. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2022లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ దశకు ఆటతో, చుట్టూ దొరికే వస్తువులతో నేర్పమన్న సూచన కూడా దీనికి అనుకూలమైనదే. ఒకరిద్దరు పిల్లలున్న ఇంట్లో గిన్నెలూ టేపూ ఉండనే ఉన్నాయి, డబ్బు పెట్టగలిగితే దిమ్మెలు చేర్చుకోండి. ఒకటి రెండు తరగతుల గదికి రంగుల కడ్డీలు నలుగురికొక పెట్టె చొప్పున ఉంటే, మిగతా చాలా సామగ్రి లేకపోయినా లోటు తెలియదు.

మీరు ఎంచుకున్నది పనిచేసిందో లేదో ఏడెనిమిదేళ్ళ వయసులో ఒక పెన్సిలుతో తెలుసుకోవచ్చు. స్కేలు మీద దాని ఒక కొన మూడు దగ్గర, మరో కొన ఎనిమిది దగ్గర ఉండేలా పెట్టి పొడవెంతో అడగండి. ఎనిమిది అంటే ఆ బిడ్డ అంకెను చదువుతున్నది, కొలవడం లేదు. మళ్ళీ ముక్కలు పరిచే పనికి తీసుకువెళ్ళాలి. ఆరు అంటే మధ్యనున్న జాగాలను వదిలి గీతలను లెక్కపెడుతున్నది, దానికి సెంటీమీటరు ఘనాలను ఆ స్కేలు మీదే వరుసగా పెట్టించాలి. ఐదు అని చెప్పి, ఎలాగో చూపించిన బిడ్డకు ఇక ఏ స్కేలు ఇచ్చినా, సున్నా వైపు కొన విరిగిపోయినదైనా, సరిగానే కొలుస్తుంది.